మూడేళ్లకు ఒక కటా

హైదరాబాద్‌లో రాజీవ్ రహదారి మీద లోతుకుంట దాటి అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట దాకా వెళ్తుంటే కరాటే క్లాసుల ఫ్లెక్సీలు అక్కడక్కడా పలకరిస్తూనే ఉంటాయి. స్కూలు గ్రౌండ్లో, కాలనీ పార్కులో, అపార్ట్‌మెంటు సెల్లార్లో తెల్ల డ్రెస్సుల పిల్లలు వరుసల్లో నిలబడి ఒక్క గొంతుతో అరుస్తుంటారు. కొన్ని నెలలకోసారి బెల్టు పరీక్ష. ఫీజు కడతారు, సర్టిఫికెట్ వస్తుంది, కొత్త బెల్టుతో దిగిన ఫొటో ఆ సాయంత్రానికల్లా చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. పిల్లాడు కరాటేలో ఏం నేర్చుకుంటున్నాడని ఎవరైనా అడిగితే ఇంట్లోవాళ్లు చెప్పేది బెల్టు రంగే.

పిల్లల్ని ఫోన్ ముందు నుంచి లేపి, చెప్పులు విప్పించి, నేల మీద నిటారుగా నిలబెడుతున్న మాస్టర్లు చేస్తున్న మేలు చిన్నదేమీ కాదు. అయినా ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. కరాటేకు ప్రాణం కటా. కటాకు కావాల్సింది కాలం. ఆ కాలాన్నే మనం పిల్లలకు ఇవ్వడం లేదు. రంగులు మార్చే తొందరలో కదలికలను మొక్కుబడిగా దాటించేస్తున్నాం. ఆ కదలికలను చక్కదిద్దుకునే ఓపికలోనే ఈ విద్య ఇవ్వగలిగిన అసలు లాభం ఉంది.

కటా అంటే ఎదురుగా ఎవరూ లేకుండా, ముందే నిర్ణయించిన వరుసలో, ఒంటరిగా చేసే కదలికల కూర్పు. షోటోకాన్ పద్ధతిలో పిల్లలు మొట్టమొదట నేర్చుకునేది హెయాన్ షోడాన్. అందులో 21 కదలికలు ఉంటాయి. మొత్తం చేసినా నిమిషం పట్టదు. మొదట ఎడమవైపు తిరిగి, ఎడమ కాలు ముందుకు వేసి మోకాలు వంచుతారు. వెనక కాలు చాచి, ఎడమ చేతిని కుడి భుజం దగ్గర నుంచి కిందికి ఊడ్చినట్టు దించుతారు. ఆ చెయ్యి దిగే సమయానికే కుడి పిడికిలి నడుము పక్కకు చేరాలి. తర్వాత కుడి కాలు ముందుకు వేసి కుడి చేత్తో పంచ్. మళ్లీ వెనక్కి తిరగడం, మళ్లీ బ్లాక్. మధ్యలో ముందుకు సాగుతూ మూడు పై బ్లాకులు, తిరుగు దారిలో మూడు పంచ్‌లు, చివర్లో అరచేతి అంచుతో నాలుగు బ్లాకులు. మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగాలి.

చూడ్డానికి ఇంతే. ఏడెనిమిదేళ్ల పిల్లలు కూడా కొన్ని వారాల్లో వరుస ఒప్పజెప్పేస్తారు. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది. పంచ్ కొట్టే హడావుడిలో వెనక కాలి మడమ నేలను వదిలేస్తుంది. మడమ లేస్తే నేల నుంచి రావాల్సిన బలం నడుము దాకా రాదు, కొట్టేది చెయ్యి ఒక్కటే అవుతుంది. దాన్ని దిద్దుకునేసరికి భుజం బిగుసుకుని చెవి దాకా లేస్తుంది. భుజం దింపితే, అడుగు మారేటప్పుడు తల పైకి లేచి కిందికి దిగుతుంది. తలను సమంగా ఉంచడం అలవాటయ్యాక, నడుము దగ్గరికి రావాల్సిన రెండో చెయ్యి ఆలస్యమవుతోందని తెలుస్తుంది. ఒక తప్పు పోతే దాని వెనక దాక్కున్న మరో తప్పు బయటపడుతుంది. 21 కదలికల్లో ఇలాంటివి ఎన్ని ఉంటాయో లెక్క తేలేది కాదు. ఒక కటాకు మూడేళ్లు అని ఒకినావా పాతకాలపు గురువులు అన్నది అందుకే.

ఇది మాటవరసకు అన్నది కాదు. ఆధునిక కరాటేను ఒకినావా దీవి నుంచి జపాన్ ప్రధాన భూభాగానికి తీసుకెళ్లిన ఫునకోషి గిచిన్ 1868లో పుట్టారు. యువకుడిగా ఉన్నప్పుడు టెక్కి పేరుతో ఉన్న మూడు కటాల మీదే పదేళ్లు గడిపానని ఆయన చెప్పుకున్నారు. టెక్కి కటాలో గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి పక్కకు మాత్రమే జరుగుతారు. గెంతులుండవు, ఎత్తైన కిక్‌లుండవు, గ్యాలరీలో చప్పట్లు కొట్టించేదేమీ ఉండదు. అలాంటి మూడింటికి పదేళ్లు. 1922లో ఆయన టోక్యో చేరి కరాటేను ప్రదర్శించే నాటికి వయసు యాభై దాటింది.

పిల్లలు చేసే హెయాన్ కటాలది మరో చరిత్ర. ఫునకోషి గురువుల్లో ఒకరైన ఇతోసు అన్కో ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో, ఒకినావా స్కూళ్లలో కరాటే ప్రవేశపెట్టే సందర్భంలో వీటిని కూర్చారు. అంటే స్కూలు పిల్లలకు కరాటే నేర్పడం మనవాళ్లు కనిపెట్టిన పని కాదు, సంప్రదాయ ద్రోహమూ కాదు. 1908లో విద్యాధికారులకు రాసిన లేఖలో ఇతోసు ఇంకో మాట కూడా రాశారు. చిన్నప్పటి నుంచే ఈ విద్య అలవాటైతే రేపు సైన్యంలో చేరే యువకులకు పనికొస్తుందని దాని సారాంశం. వరుసల్లో నిలబెట్టి, లెక్క పెడుతూ, అందరిచేత ఒకేసారి చేయించే పద్ధతి కరాటేలోకి వచ్చింది ఆ స్కూళ్ల, ఆ కవాతుల కాలంలోనే.

అల్వాల్‌కు కవాతు కొత్త కాదు. ఒకపక్క తిరుమలగిరి, బొల్లారం కంటోన్మెంటు ప్రాంతం, ఇంకోపక్క హకీంపేట వైమానిక స్థావరం. క్రమశిక్షణ అనగానే ఇక్కడి తల్లిదండ్రుల కళ్ల ముందు మెదిలేది సైనిక క్రమశిక్షణే. అది మంచిదే. కానీ కటా అడిగేది వేరు. కవాతులో పక్కవాడితో అడుగు కలపాలి. కటాలో తన మడమ ఎక్కడుందో తానే పసిగట్టాలి. పాతికమంది పిల్లలు ఒకేసారి అరుస్తూ చేస్తుంటే చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చటలో వెనక వరుసలోని అమ్మాయి మడమ లేచిన సంగతి ఎవరి కంటా పడదు, ఆ అమ్మాయికీ తెలియదు.

బౌద్ధ ధ్యాన సంప్రదాయమైన జెన్ ప్రస్తావన ఇక్కడే వస్తుంది. యుద్ధవిద్యల గురించి ఎవరు మాట్లాడినా జెన్ పేరు ఎత్తకుండా ఉండరు. మన వైపు ఆ మాటకు ఇంకాస్త గర్వం తోడవుతుంది. జెన్ సంప్రదాయం చెప్పుకునే 28 మంది భారతీయ గురువుల వరుసలో 14వ వాడు ఆచార్య నాగార్జునుడు. కృష్ణా తీరంలోని నాగార్జునకొండ ఆయన పేరుతోనే నిలిచింది. శాతవాహన రాజుకు రాశాడని చెప్పే ‘సుహృల్లేఖ’ ఆయనదే. ఏ వస్తువుకూ తనంతట తానుగా నిలిచే స్వభావం లేదన్న ఆయన శూన్యవాదం లేకపోతే జెన్ ఆలోచనకు పునాదే లేదు. తెలుగువాళ్లు గర్వపడదగ్గ బంధుత్వం ఇది.

వరుసలో 28వ వాడు బోధిధర్ముడు. ఆయన కథ విషయంలో మాత్రం కొంచెం ఆచితూచి మాట్లాడాలి. కాంచీపురం రాకుమారుడు చైనా వెళ్లి షావొలిన్ సన్యాసులకు యుద్ధవిద్య నేర్పాడన్న కథ 2011 నాటి ‘సెవెన్త్ సెన్స్’ సినిమాతో తెలుగు ఇళ్లన్నింటికీ చేరింది. చరిత్ర అంత సూటిగా లేదు. ఆయన్ను ప్రస్తావించిన తొలి చైనా రచనల్లో ఒకటి, క్రీ.శ. 547 ప్రాంతానిది, ఆయన్ను పర్షియావాడంటుంది. మరొకటి దక్షిణ భారతదేశం వాడంటుంది. షావొలిన్ సన్యాసులు క్రీ.శ. 621లో తాంగ్ వంశం పక్షాన పోరాడినట్టు శాసనాధారం ఉంది. బోధిధర్ముడిని వ్యాయామ విద్యతో ముడిపెట్టే ‘యీజిన్ జింగ్’ గ్రంథం మాత్రం 1624 నాటిది, అంటే ఆయన కాలానికి వెయ్యేళ్ల తర్వాతది. చైనా, జపాన్, ఇజ్రాయెల్ చరిత్రకారులు ఈ సంగతి ఎప్పుడో తేల్చారు. కరాటే మన దగ్గర పుట్టి అక్కడికి వెళ్లిందని క్లాసుల్లో పిల్లలకు ఖాయంగా చెప్పడం మానుకోవడమే మంచిది. నాగార్జునుడితో నిజమైన బంధుత్వం ఉండగా లేని గొప్ప మనకెందుకు?

యుద్ధవిద్యకూ జెన్‌కూ రాతపూర్వకమైన బంధం చూడాలంటే పదిహేడో శతాబ్దపు జపాన్‌కు వెళ్లాలి. తకువాన్ సోహో అనే జెన్ సన్యాసి (1573–1645), సైనిక పాలకుడైన షోగన్‌కు కత్తి విద్య నేర్పే యాగ్యూ మునెనోరికి ఒక లేఖ రాశాడు. అందులోని విషయం అల్వాల్ పిల్లలకు కూడా అర్థమయ్యేంత తేలికైనది. మనసు ఎదుటివాడి కత్తి మీద ఆగితే ఆ కత్తి నిన్ను పట్టేస్తుంది. నీ కత్తి మీద ఆగితే నీ కత్తే నిన్ను పట్టేస్తుంది. మనసు ఎక్కడా ఆగకుండా ప్రవహించాలి. ఇంకో సంగతీ చెప్పాడు. ఏమీ తెలియని కొత్తవాడు, ఎవరైనా కొట్టబోతే, చటుక్కున చెయ్యి అడ్డం పెడతాడు, వాడి మనసు ఎక్కడా ఆగదు. నాలుగు భంగిమలు నేర్చుకోగానే ఎలా నిలబడాలి, ఎక్కడ చూడాలి అన్న ఆలోచనల్లో చిక్కుకుని చేతులు కట్టుబడిపోతాయి. ఏళ్ల తరబడి సాధన చేశాక మళ్లీ మొదటి రోజులాంటి తేలికదనం వస్తుంది, ఈసారి విద్యతో సహా.

మన పిల్లల్లో చాలామంది ఆ రెండో దశలో ఉండగానే తర్వాతి కటాకు మారిపోతున్నారు. భంగిమ గురించి ఆలోచిస్తూ ఒళ్లు బిగుసుకుపోయే దశ అది. అందులోంచి బయటపడేదాకా అక్కడే ఉండాలి. కొత్త కటా మొదలుపెడితే కొత్త బిగింపు మొదలవుతుంది. ఇలా ఐదారు కటాల బిగింపులు పోగుచేసుకుని బ్లాక్ బెల్టు దాకా వెళ్లిన పిల్లలకు మూడో దశ రుచి తెలిసే అవకాశమే రాదు.

జెన్‌లో రూపాన్ని అందరికంటే శ్రద్ధగా పట్టించుకున్నవాడు దోగెన్ (1200–1253). చైనాలో చదువుకుని 1227లో జపాన్ తిరిగి వచ్చి, ధ్యానంలో ఎలా కూర్చోవాలో రాశాడు. ఏ కాలు ఏ తొడ మీద ఉండాలి, చేతులు ఎలా ఒదగాలి, చెవులు భుజాలకు తిన్నగా, ముక్కు బొడ్డుకు తిన్నగా ఎలా ఉండాలి, అన్నీ చెప్పాడు. కరాటే మాస్టర్ స్టాన్స్ దిద్దినట్టే ఉంటుంది ఆ వివరం. ఆశ్రమంలో వంట చేసేవారి కోసం 1237లో రాసిన పుస్తకంలో బియ్యం కడిగేటప్పుడు ఇసుకను ఎంత శ్రద్ధగా చూడాలో కూడా చెప్పాడు. ఇంతా చేసి దోగెన్ అసలు ఉద్దేశం ఏమిటంటే, సాధన ఒకటీ, దాని వల్ల రేపెప్పుడో దక్కే జ్ఞానం ఇంకొకటీ కాదు. సరిగ్గా కూర్చోవడమే ఆ జ్ఞానం.

పరిపూర్ణత గురించి ఇంతకంటే ఆచరణకు దగ్గరైన మాట దొరకదు. ఏదో ఒకనాటికి ఏ తప్పూ లేని కటా చేసి చూపిస్తామన్న ఆశతో సాధన చేస్తే ప్రతి రోజూ ఓటమిలాగే కనిపిస్తుంది. ఈ రోజు ఈ మడమను నేల మీద ఉంచడమే పని అనుకుంటే ఏ రోజు పని ఆ రోజుకు పూర్తవుతుంది. పదేళ్ల పిల్లకు శూన్యవాదం చెప్పక్కర్లేదు. ఈ గంటసేపు మడమ చూసుకో అంటే చాలు.

ఇదే సందర్భంలో జెన్ పేరుతో చెలామణీ అయ్యే మాయలను కూడా వదిలించుకోవాలి. జర్మనీ తత్వశాస్త్ర ఆచార్యుడు యూగెన్ హెరిగెల్ 1924 నుంచి 1929 దాకా జపాన్‌లోని సెండాయ్‌లో పాఠాలు చెబుతూ అవా కెంజో దగ్గర విలువిద్య నేర్చుకున్నారు. 1948లో ఆయన రాసిన పుస్తకం జెన్‌నూ యుద్ధవిద్యనూ ప్రపంచమంతటా జతకట్టేసింది. అందులో ఒక ఘట్టం బాగా పేరుపడింది. చీకట్లో గురువు వేసిన మొదటి బాణం గురిని తాకుతుంది, రెండో బాణం మొదటి బాణాన్నే చీలుస్తుంది. యమాడా షోజి అనే జపాన్ పరిశోధకుడు 2001లో ప్రచురించిన వ్యాసంలో ఈ కథ గుట్టు విప్పారు. అవా కెంజో జెన్ సాధకుడే కాదు. హెరిగెల్‌కు జపనీస్ అంతంత మాత్రం. ఆ రాత్రి దుబాసీ పక్కన లేడు. తర్వాత ఆ దుబాసీ అడిగితే, రెండో బాణం అలా తగలడం కాకతాళీయమేనని అవా స్వయంగా చెప్పారు.

ఈ సంగతి తెలిశాక విలువిద్య విలువ తగ్గదు. ఆ గురువు గొప్పతనం ఒక రాత్రి వేసిన రెండు బాణాల్లో లేదు, అంతకు ముందు వేలసార్లు విల్లు ఎత్తి దించిన భుజాల్లో ఉంది. మన దగ్గర ఇదే పొరపాటు సినిమా చేసింది. పవన్ కల్యాణ్ చెన్నైలో షిహాన్ హుస్సేనీ దగ్గర కరాటే నేర్చుకున్నది నిజం. సుమన్, భానుచందర్ కూడా నేర్చుకునే తెర మీదికి వచ్చారు. కానీ ప్రేక్షకుడి మనసులో నిలిచిపోయింది క్లైమాక్స్ కిక్కే తప్ప వాళ్లు డోజోలో, అంటే సాధన శాలలో, గడిపిన ఉదయాలు కాదు. అందుకే వార్షికోత్సవాల్లో కటా కంటే పెంకులు పగలగొట్టడానికే ఎక్కువ చప్పట్లు పడతాయి. పెంకు పగలడం అక్కడ కూర్చున్న అందరికీ తెలుస్తుంది. మడమ నిలవడం చేసిన పిల్లాడికీ, చూసిన మాస్టర్‌కీ మాత్రమే తెలుస్తుంది.

పరిపూర్ణత కోసం వెంపర్లాటకు చీకటి కోణం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జపాన్‌లో జెన్ గురువులు చాలామంది తమ బోధను సైనిక విధేయతకు అప్పగించేశారు. బ్రయన్ విక్టోరియా 1997లో రాసిన ‘జెన్ ఎట్ వార్’ పుస్తకం దీన్ని పేర్లతో సహా చూపించింది. జెన్‌లోని సోటో శాఖ 1992లో, రింజాయ్ శాఖకు చెందిన మ్యోషింజి వర్గం 2001లో తమ యుద్ధకాలపు పాత్రకు బహిరంగంగా పశ్చాత్తాపం ప్రకటించాయి. రూపాన్ని దిద్దే అధికారం చేతికి వచ్చినవాడు మనిషిని లొంగదీసుకోవడానికి దాన్ని వాడుకోగలడు. భంగిమ తప్పిందని పిల్లల తొడ మీద కర్రతో కొట్టడం, అందరి ముందూ చిన్నబుచ్చడం కఠిన శిక్షణ అనిపించుకోవు. స్కూల్లో పిల్లల్ని శారీరకంగా శిక్షించడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. స్కూలు ఆవరణలో నడిచే కరాటే క్లాసులో కూడా పిల్లలకు ఆ రక్షణే ఉండాలి. మడమ దిద్దడానికి వేలితో చూపిస్తే చాలు.

మరి పోటీల సంగతి? పతకాల ఆశ లేకుండా పిల్లలు నిలబడతారా అని తల్లిదండ్రులు అడగడం సహజం. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో కటా తొలిసారి పోటీకి వచ్చింది. మహిళల స్వర్ణం గెలిచిన స్పెయిన్ క్రీడాకారిణి సాండ్రా సాంచెజ్‌కు అప్పటికి 39 ఏళ్లు. పురుషుల స్వర్ణం కటా పుట్టిన ఒకినావాకే దక్కింది, ఆ దీవికి అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. ఫైనల్లో ఆ స్వర్ణం గెలిచిన కియూనా ర్యోకు వచ్చిన స్కోరు 30కి 28.72. టెక్నిక్‌కు 70 శాతం, అథ్లెటిక్ సామర్థ్యానికి 30 శాతం చొప్పున లెక్కగట్టారు. అంటే ఆ రోజుకు ప్రపంచంలోనే మేటి అయిన కటాలో కూడా న్యాయనిర్ణేతలకు 1.28 లోటు కనిపించింది. 1976లో నాడియా కొమనేచి పదికి పది సాధించిన జిమ్నాస్టిక్స్ కూడా 2006 నుంచి ఆ పది హద్దునే తీసేసింది. రూపాన్ని కొలిచే ఆటలు కూడా ఇక దిద్దడానికేమీ లేదన్న మాట అనడానికి జంకుతాయి.

తెలుగువారికి ఈ విషయంలో దగ్గరి ఉదాహరణ బుద్దా అరుణా రెడ్డి. ఈ హైదరాబాద్ అమ్మాయి మొదట నేర్చుకున్నది కరాటే, అందులో బ్లాక్ బెల్టు. జిమ్నాస్టిక్స్‌లోకి తర్వాత వచ్చింది. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో 13.649 స్కోరుతో కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో భారత్‌కు వ్యక్తిగత పతకం రావడం అదే మొదటిసారి. రజతానికీ ఆమెకూ మధ్య తేడా 0.05. అంటే నేలను తాకేటప్పుడు పాదం జరిగిందా, మోకాలు ఎంత వంగింది అన్నంత చిన్న తేడా. నేల మీద పాదం ఎలా నిలుస్తుందన్నది చిన్నప్పుడు కరాటే కూడా అడిగే మొదటి ప్రశ్నే. ఒక విద్యలో రూపాన్ని శ్రద్ధగా దిద్దుకున్న ఒంటికి ఇంకో విద్యలోనూ ఆ శ్రద్ధ అక్కరకొస్తుంది.

కరాటేను పతకాల నిచ్చెనగా మాత్రమే చూసేవాళ్లకు నిరాశ తప్పదు. 2024 పారిస్‌లో కరాటే లేదు, 2028 లాస్ ఏంజెలిస్‌లోనూ లేదు. దేశంలో సంఘాల తగువులు సరేసరి. కరాటే అసోసియేషన్ ఆఫ్ ఇండియా 2020లో గుర్తింపు కోల్పోయింది. ఇలాంటి పరిస్థితుల్లో పిల్లవాడికి బతుకంతా మిగిలేది సర్టిఫికెట్ కాదు, ఒంటి మీద వాడు సంపాదించుకున్న ఎరుకే.

ఈ ఎరుక జపాన్ సొత్తేమీ కాదు. దసరాకు అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా చేసేవాళ్లు కత్తి, కర్ర తిప్పే తీరును తరం నుంచి తరానికి చేతులు మారుస్తూ కాపాడుకొస్తున్నారు. ఉత్తరాంధ్రలో కర్రసాము, గరిడీ, హైదరాబాద్ పాతబస్తీ తాలీముల్లో కుస్తీ, కూచిపూడిలో అడుగుల సాధన, అన్నీ ఒక్క కదలికను వందలసార్లు చేయించి ఒంటికి పట్టించే పద్ధతులే. అల్వాల్ పిల్లలకు కరాటేతో పాటు కర్రసాము కూడా చూపిస్తే, రూపం పట్ల శ్రద్ధ ఎక్కడి నుంచో దిగుమతి అయిందన్న అపోహ పోతుంది.

ఇక చేయాల్సిన పనులు. బెల్టు పరీక్షల ఫీజు మీద బతికే మాస్టర్ పరీక్షలు తగ్గించలేడు. ఇది ఆయన దురాశ కాదు, ఆయన బతుకుదెరువు. నెల ఫీజు కొంత పెంచి పరీక్ష ఫీజు ఎత్తేయడానికి తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. అప్పుడు పిల్లల్ని తొందరపెట్టాల్సిన అవసరం మాస్టర్‌కు ఉండదు. సంవత్సరానికి ఒకటే పరీక్ష చాలు. మొదటి మూడేళ్లు హెయాన్ షోడాన్‌కే ఎక్కువ సమయం ఇచ్చి మిగతావి పరిచయం మాత్రం చేస్తే నష్టమేమీ లేదు.

ఒకే కటా అయితే పిల్లలకు విసుగొస్తుందన్న భయం నిజమే. విసుగును కొత్త కటాతో కాదు, అదే కటాను కొత్తగా చేయించి పోగొట్టవచ్చు. ఒకరోజు అతి నెమ్మదిగా, ఒక్కో కదలికకు ఒక్కో శ్వాసతో. ఇంకోరోజు కళ్లు మూసుకుని, మొదలుపెట్టిన చోటికే వస్తున్నారో లేదో చూసుకుంటూ. మరోరోజు రోజూ నిలబడే గోడకు వీపు పెట్టి. ఇంకోసారి కుడిఎడమలు తారుమారు చేసి. ఆ తర్వాత ఎదురుగా ఒకరిని నిలబెట్టి, ఈ బ్లాక్ ఏ దెబ్బను ఆపుతుందో చేసి చూపిస్తూ. వారానికో రోజు పిల్లలు జంటలుగా ఒకరి మడమను ఒకరు చూడాలి. ఎదుటివాడి తప్పు పట్టుకోవడం నేర్చుకున్న పిల్లాడికి తన తప్పు కూడా తొందరగా తెలుస్తుంది.

ప్రభుత్వం వంతు కూడా ఉంది. సమగ్ర శిక్షా కింద రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ పథకంలో ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా అమ్మాయిలకు మూడు నెలల శిక్షణ ఇస్తారు. స్కూలుకు నెలకు రూ.5,000 కేటాయిస్తారు. ఆశయం మంచిది. కానీ మూడు నెలల్లో కరాటే రాదు, వస్తుందని అమ్మాయిలకు చెప్పడం ప్రమాదం. గట్టిగా అరవడం, పట్టు విడిపించుకోవడం, పరుగెత్తడం, ఎవరికి చెప్పాలో తెలియడం ఆ మూడు నెలల్లో నేర్పగలిగినవి. వాటినే నేర్పాలి. నిజంగా కరాటే నేర్పాలనుకుంటే అదే మాస్టర్‌ను అదే స్కూల్లో ఏడాది పొడవునా ఉంచేలా నిధులు ఇవ్వాలి. 1993లో మొదలైన హకీంపేట క్రీడా పాఠశాల మనకు కూతవేటు దూరంలోనే ఉంది. చిన్న వయసులో పిల్లల్ని చేర్చుకుని ఏళ్ల తరబడి తీర్చిదిద్దాలన్న ఆలోచన మీద నడుస్తున్న బడి అది. కాలం కావాలన్న సంగతి క్రీడాశాఖకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు, ఆ కాలాన్ని మామూలు సర్కారు బడి పిల్లలకు కూడా ఇవ్వమని అడగడమే ఉంది.

వేసవి సెలవులు రాగానే కాలనీల్లో కొత్త బ్యాచ్‌లు మొదలవుతాయి. పిల్లల్ని చేర్పించే ముందు తల్లిదండ్రులు మాస్టర్‌ను మూడు సంగతులు అడగాలి. ఒక కటా మీద ఎన్నాళ్లు ఉంచుతారు? ఒక్కో క్లాసులో ఒక్కో పిల్లను విడిగా ఎంతసేపు చూస్తారు? తప్పు చేస్తే ఎలా దిద్దుతారు? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే మాస్టర్ దొరికితే, ఇంటికి కొంచెం దూరమైనా, గోడ మీద కప్పులు తక్కువున్నా అక్కడే చేర్పించాలి. ఏడాది తిరిగినా బెల్టు రంగు మారలేదని క్లాసు మాన్పించకూడదు.